మాస్టారి బోర్డు

తుగ్గలిలో చేనులోకి టేపు పట్టుకొని దిగకూడదు. గడ్డపార పట్టుకొని దిగితే ఎవరూ తల తిప్పి చూడరు, పొలం పనిలే అనుకుంటారు. టేపు పట్టుకొన్నారో, పొద్దు గుంకేలోపల ఊరంతా పాకిపోతుంది.

ఊరిని తప్పుపట్టి లాభం లేదు. తొలకరి వాన పడిందంటే జొన్నగిరి, పగిడిరాయి, మద్దికెర, పెరవలి చేలల్లో వజ్రాల వేట మొదలవుతుంది. ఉత్త నమ్మకమే అయితే ఎప్పుడో చచ్చిపోయేది. అప్పుడప్పుడూ ఎవరో ఒకరికి నిజంగానే దొరుకుతుంది, అదీ చిక్కు. అనంతపురం నుంచి, బళ్లారి నుంచి, ఇంకా దూరం నుంచి జనం సద్దిమూటలతో దిగుతారు. గుళ్లలో, బడి వరండాల్లో పడుకొని, తెల్లారకముందే నడుం వంచి నేలను గాలిస్తారు. దొరికినోడు నోరు విప్పడు. గుత్తి, పెరవలి వ్యాపారులు గుట్టుగా వచ్చి కొనుక్కుపోతారు. ధర వాళ్లు చెప్పిందే ధర. ఇది చాలదన్నట్టు జొన్నగిరి దగ్గర బంగారం కోసం కంపెనీవాళ్లు ఏండ్ల తరబడి బోర్లు వేసి చూసినారు. ఎర్రగుడి బండలమీద అశోకుడి శాసనాలున్నాయని 1929లో లోకానికి చెప్పిన అనూ ఘోష్ కూడా భూగర్భ శాస్త్రవేత్తే. ఇన్ని చూసినాక, బయటినుంచి వచ్చినవాడు రాయిని ఊరికే చూస్తాడంటే మావాళ్లు ఎట్ల నమ్ముతారు?

మా అన్నకు మాత్రం ఈ వేటంటే ఒళ్లు మంట. సైన్సు మాస్టారుగా రిటైరైనాడు. మా చేను గట్టుమీద రేకు బోర్డొకటి పాతినాడు. ఎర్ర పెయింటుతో తనే రాసినాడు: "ఈ చేనులో వజ్రాలు లేవు. దయచేసి తొక్కకండి." ఏటా తొలకరికి కర్నూలు నుంచి వచ్చి ఆ బోర్డు పక్కనే నిలబడి వచ్చినవాళ్లకు పాఠం చెప్పేవాడు. వజ్రమంటే కార్బన్. భూమి లోపల 150 కిలోమీటర్లకు పైగా లోతులో పుడుతుంది. వజ్రకరూరు దగ్గర ఉన్నాయి చూడండి కింబర్లైట్ పైపులు, వాటి దారిన పైకి రావాల్సిందే. "వజ్రం కిందినుంచి రావాలప్పా, వానతో పైనుంచి పడదు. పైపైన చూసి ఏం లాభం?" అనేవాడు. వాళ్లు మర్యాదగా తలలూపి, తాగను నీళ్లడిగి, తాగి, పక్క చేనులోకి పోయేవాళ్లు. ఎంతైనా ఊళ్లో సగం మందికి చదువు చెప్పినాయన.

అమ్మ ఒక్కతే ఆ పాత మట్టిమిద్దెలో ఉంటుంది. వానలకు ముందు మిద్దెమీద చౌడు మన్ను పరిపించుకుంటుంది. సిమెంటు ఇల్లు కట్టిస్తామంటే వద్దంటుంది. మే నెలలో ఆ మిద్దె కింద ఉన్న చల్లదనం ఆదోనిలో నా ఇంట్లో కూలర్ పెట్టినా రాదు కాబట్టి నేనూ గట్టిగా చెప్పను. ఎండాకాలం సెలవులకు అందరమూ అక్కడే. పొద్దున ఉగ్గాని, బజ్జీలు. మధ్యాహ్నం పిల్లలు దూలాలు లెక్కపెడుతూ నిద్రపోతారు. సాయంత్రం బీడు చేనులో టెన్నిస్ బంతితో క్రికెట్. రాత్రి మిద్దెమీద వరసగా పడకలు. గుంతకల్లు నుంచి డోనుకు పోయే రైలు కూత వినపడితే ఒకరిద్దరు లేచి కూర్చొని మళ్లీ పడుకుంటారు.

ఆ యేడు తమ్ముడు చాలా కాలానికి అమెరికా నుంచి కుటుంబంతో వచ్చినాడు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. కొడుక్కు పదకొండేండ్లు. వాడికి క్రికెట్ రాదు, బేస్‌బాల్ ప్రాణం. అక్కడ శనివారాలు తమ్ముడు మడత కుర్చీ వేసుకొని, ఎండలో పొద్దంతా వాడి ఆట చూస్తూ కూర్చుంటాడంట. మా నాయన తమ్ముడి ఆట ఒక్కటీ చూడలేదు పాపం. చేను విడిచి వస్తే కదా.

పిల్లోడు అల్యూమినియం బ్యాటు, ఎడమచేతికి తోలు గ్లోవూ తెచ్చుకొన్నాడు. మొదటిరోజు బంతి నేలకు తగలకుండా విసిరితే మా వీధి పిల్లలంతా ఒక్క గొంతుతో "నోబాల్" అని అరిచినారు. వాడు బిక్కమొగం వేసినాడు. రెండోరోజుకు అందరూ వాడి ఆటే ఆడుతున్నారు. ఆ బ్యాటు "టంగు"మని మోగడం వాళ్లకు తెగ నచ్చింది. కొట్టినాక బ్యాటు పారేసి పరుగెత్తాలని ఎంత చెప్పినా ఒక్కడూ పారేయడు. క్రికెట్ అలవాటు, చంకలో పెట్టుకొని మూడు మూలలూ తిరిగొచ్చి, చివర్న బ్యాటు సాచి గీత ముట్టిస్తాడు. మావాడు తల పట్టుకొనేవాడు.

మూలలంటే, నాలుగు బండముక్కలు. అరుగుకు పరిచినప్పుడు మిగిలిన బేతంచెర్ల బండలు, నాలుగూ ఒకే తీరువి. తండ్రీ కొడుకూ టేపు పట్టి, ఒక్కొక్కదానికి నడుమ 60 అడుగులు కొలిచి పెట్టినారు. వాడి ఈడు పిల్లలకు అమెరికాలో కొలత అదేనంట. బంతి విసిరేవాడు నిలబడేచోటు 46 అడుగులు. అమ్మ దగ్గర సున్నం అడిగి గీతలు గీసినారు. తమ్ముడు ఫోనుతో ఫొటోలు తీసినాడు, నాలుగు మూలలనుంచీ.

ఇంకేముంది. టీ బంకు దగ్గరికి మాట చేరేసరికి దానికి కాళ్లూ చేతులూ వచ్చినాయి. అమెరికాలో మిషన్‌తో చూసి గుర్తులు పెట్టుకొని వచ్చినారంట. నాలుగు చోట్ల ఉన్నాయంట. ఆటనేది ఉత్త సాకంట. అన్న పోయి బంకు ముందర నిలబడి అందరినీ కడిగిపారేసినాడు. "చదువుకొన్నోళ్లయ్యుండి మీకేం పోయేకాలమొచ్చిందిరా? అవి ఆట రాళ్లు. బేస్‌లంటారు వాటిని." వాళ్లు ఎదురు చెప్పలేదు. "సరే సార్" అన్నారు.

ఆ రాత్రే అన్నం దగ్గర తమ్ముడు ఒక మాటన్నాడు. "అన్నా, ఆ చేను మాత్రం అమ్మొద్దు. నీ వాటా కావాలంటే నేనే కొంటా. బయటి రేటుకన్నా ఎక్కువే ఇస్తా." వాడి కొడుకు ఆ చేనులో ఆడుతుంటే వాడికి మనసు ఆగలేదు, అంతే. బోరు వేస్తే నీళ్లు పడని చేను. ఒక యేడు బుడ్డలు పండితే రెండేండ్లు ఎండుతాయి. అన్న తినే ముద్ద ఆపి తమ్ముడి ముఖం చూసినాడు. "చూద్దాంలే" అన్నాడు.

మరుసటిరోజు సాయంత్రం ఆటలో చిక్కొచ్చింది. బ్యాటు పట్టుకొన్నవాడి కళ్లల్లో పొద్దు సూటిగా కొడుతోంది. చీకటి పడినాక, మిద్దెమీద పడకల దగ్గర దాని గురించి మా అన్నా, పిల్లోడూ చాలాసేపు మాట్లాడుకొన్నారు. బేస్‌బాల్ మైదానాలు కట్టేటప్పుడు బ్యాటరు తూర్పు-ఈశాన్యం వైపు చూసేటట్టు కడతారంట, సాయంత్రం ఎండ తగలకుండా. అన్న చంద్రుణ్ని చూపించి దిక్కులు చెప్తున్నాడు, వాడు దుప్పటిమీద వేలితో గీతలు గీస్తున్నాడు. అది నన్నూ తమ్ముణ్నీ ఎంత సంతోషపెట్టిందో! అన్న తన పిల్లలతో కూడా అంత ఓపిగ్గా ఎప్పుడూ మాట్లాడలేదు.

నడిరేయి దాటకముందే వాన. తొలకరి అది. పడకలు చుట్టుకొని అందరమూ కిందికి పరుగు. లోపల ఉక్కగా ఉందని అన్న మాత్రం కొట్టంలో మంచం వేసుకొన్నాడు.

తెల్లారి పిల్లలు చేనులోకి పోయి, అరుచుకుంటూ తిరిగొచ్చినారు. నాలుగు బండలూ లేపి కింద తవ్వినారు! మేమంతా పోయినాం, అన్న తప్ప. మోకాళ్లు నొప్పులు, బురదలో నడవలేనన్నాడు. తిరిగొచ్చేసరికి పంచలో కూర్చొని అమ్మతో చెంచా ఇప్పించుకొని ఉగ్గాని తింటూ రంకెలేస్తున్నాడు. "బోర్డు పెట్టినా లెక్క లేదు! అక్షరం ముక్క చదువుకొంటే కదా! పోలీసులకు చెప్తా. ఆశ, ఉత్త ఆశ! ఈ దేశం బాగుపడదు!"

అమ్మ తమలపాకుకు సున్నం రాసుకుంటూ అనింది: "వాన వజ్రాలోళ్లు గుంతలు తవ్వరు కదరా. పైన మెరిసేది చూసుకొని పోతారు. లోతుకు తవ్వితే దొరుకుతుందని వాళ్లకెవరు చెప్పినారో!"

అన్న మాట్లాడలేదు.

పిల్లోడు గడపమీద కూర్చొని బ్యాటుకంటిన మట్టి గోటితో గీకుతున్నాడు. వాడికో అనుమానమొచ్చింది. వచ్చీరాని తెలుగులో వాళ్ల నాయన్ని అడిగినాడు.

"డాడీ, మూడు బేస్‌లు కొంచెమే తవ్వినారు. జానెడు. వేపచెట్టు వైపుది మాత్రం నా నడుందాకా తవ్వినారు. ఎందుకు?"

"ఏమోరా. వాళ్లకేం తెలుసు?"

"అదే కదా. అది ఇంకా థర్డ్ బేసే అనుకుంటారు అందరూ. ఎండ కోసం హోం ప్లేట్‌ని ఈరోజు అక్కడికి మార్చాలనుకొన్నా. అన్నిటికన్నా ముఖ్యమైనది ఏదని పెద్దనాయన అడిగితే రాత్రి చెప్పినా. ఇంకెవరికీ చెప్పలేదే!"

పంచలో చెంచా చప్పుడు ఆగిపోయింది. మా ఇంట్లో ఉగ్గాని చెంచాతో తినేది తమ్ముడి పిల్లలొక్కరే. అన్న కుడి అరచేతిలో బొబ్బలు చితికి ఎర్రగా కనపడుతున్నాయి. తమ్ముడు అటు చూసి, వెంటనే చూపు తిప్పుకొని, దూలాలవైపు చూస్తూ కూర్చున్నాడు.

అమ్మ ఆకు నోట్లో పెట్టుకొంది. కొడుకు పక్కన కూర్చొని, జ్వరమొచ్చిందా అని అడిగినంత మామూలుగా అడిగింది.

"దొరికిందా నాయనా?"

పొద్దెక్కినాక పక్క చేను రైతు పాలు పోయను వచ్చి చెప్పినాడు. తెల్లవారుజామునే ముప్ఫై మంది దాకా వజ్రాలోళ్లు మా చేను గట్టెక్కినారంట. చదువొచ్చిన కుర్రోడొకడు టార్చి వేసి బోర్డు గట్టిగా చదివి వినిపించినాడంట. "మాస్టారే రాసినాడంటే ఉండవులేప్పా" అని ఒక్కడు కూడా లోపల కాలు పెట్టకుండా వెళ్లిపోయినారంట.