ఆ కాలం రూపాయి

సంక్రాంతికి ఊరెళ్లి, అటక మీద ఇత్తడి గంగాళం దించబోతే అందులో నాన్న పద్దు పుస్తకం దొరికింది. సన్నగా, పొడుగ్గా, ఎర్ర గుడ్డ అట్టతో ఉంటుందే, అదే. 1974 నాటిది. నాన్న బడిపంతులు. జీతం ఎంత చిన్నదో పద్దు అంత పెద్దది. అగ్గిపెట్టె కొన్నా రాసేవాడు. ఎవరి బాకీ అయినా తీరిపోతే ఆ పద్దు మీద అడ్డంగా ఒక గీత కొట్టేవాడు.

పట్నం తీసుకెళ్లి పార్కులో నా పింఛను మిత్రులకు చూపించాలి, ఆ తర్వాత ఫ్రేము కట్టించాలి అనుకున్నాను. ఈలోగా ఊళ్లోనే శ్రోతలు దొరికారు. భోజనాలయ్యాక పిల్లలూ, మేనల్లుళ్లూ, ఎదురింటివాళ్లూ అరుగు మీద చేరారు. కళ్లజోడు సవరించుకుని పురాణం విప్పాను.

“బియ్యం కిలో రెండు రూపాయలు!”

“అబ్బో!” అన్నారంతా.

“1983లో ఎన్టీ రామారావు గారు కిలో రెండు రూపాయలకే బియ్యం ఇస్తే జనం దణ్ణాలు పెట్టారే, అంతకు తొమ్మిదేళ్ల ముందు మన ఇంట్లో అది కొట్టు ధర! ఇంకా వినండి. కందిపప్పు కిలో మూడు రూపాయల పావలా. కిరసనాయిలు లీటరు రూపాయి. క్షవరం ముప్పావలా. ఐదుగురం సినిమాకెళితే బెంచీ టిక్కెట్లు మూడు రూపాయల ముప్పావలా.”

“పావలా అంటే ఏంటి తాతయ్యా?” అంది మనవరాలు.

“నాలుగణాలమ్మా. 1957లోనే అణాలు పోయి పైసలొచ్చాయి. అయినా పాతిక పైసల బిళ్లను పావలా అనే పిలిచేవాళ్లం. 2011లో అదీ చెల్లకుండా పోయిందిలే.”

హైదరాబాదులో ఉద్యోగం చేసే మేనల్లుడు నోరు వెళ్లబెట్టాడు. “మామయ్యా, మొన్న మాల్‌లో నేను తాగిన కాఫీ రెండొందల ముప్పై!”

“ఆ డబ్బుతో మా నాన్న బస్తా బియ్యం తెచ్చి, పైన చిల్లర కూడా తెచ్చేవాడురా. ఆ కాలం రూపాయి అంటే ఏమనుకున్నావు? ఏనుగు! ఇప్పటి నూరు రూపాయల నోటు దాని కాలిగోటికి చాలదు.”

అక్క పెళ్లికి పుస్తెలు చేయించిన లెక్క వచ్చింది. పది గ్రాముల బంగారం ఐదొందల చిల్లర. “ఇప్పుడు లక్ష దాటింది” అన్నాను, ఆ తేడా ఏదో నా గొప్పయినట్టు. మా ఆవిడ నిట్టూర్చింది. “అప్పుడు మామయ్యగారు ఇంకో నాలుగు కాసులు కొని పడేస్తే ఎంత బాగుండేది!”

ఆ పేజీ అంచున నాన్న సన్నటి అక్షరాలతో “ధరలు మండిపోవుచున్నవి. సంసారము ఈదుట కష్టముగా నున్నది” అని రాసుకున్నాడు. నిజమే, ఆ రోజుల్లో దేశమంతటా ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. కానీ కథ రంజుగా సాగుతున్నప్పుడు అదెందుకని పేజీ తిప్పేశాను.

అరుగు కింద, మెట్టు పక్కన పొడుగమ్మ కూర్చుని వింటోంది. పండక్కి చీర తీసుకెళ్లడానికి వచ్చింది. అసలు పేరేమిటో నాకు తెలీదు. ఒకప్పుడు చూరు తగలకుండా వంగి లోపలికొచ్చేదట, అందుకని ఆ పేరు. ఇప్పుడు నడుం వంగిపోయి కర్రకంటే పొట్టిగా ఉంది.

“నా పేరుందా అబ్బాయిగోరూ అందులో?” అంది.

“ఎందుకుండదు! నాన్న పుస్తకంలో లేనివాళ్లెవరు?” అని ఉత్సాహంగా వెతికాను. శ్రావణ మాసం పేజీలో దొరికింది. అదే ఊపులో గొంతెత్తి చదివేశాను.

“పొడుగమ్మ. నాట్లు. ఆరు రోజులు. రోజుకు రెండు రూపాయలు. వెరసి పన్నెండు రూపాయలు ఇవ్వవలెను.”

చదివాక చూశాను. పైనా కిందా ఉన్న పద్దులకు గీతలున్నాయి. దీని మీద లేదు. తర్వాతి పేజీలు తిప్పాను. భాద్రపదంలో లేదు, ఆశ్వయుజంలో లేదు. ఉగాది దాకా వెతికినా లేదు.

“ఉండదండి” అంది పొడుగమ్మ. “అక్కగోరి పెళ్లి ఖర్చులయ్యాయి, వచ్చే నెల చూద్దామన్నారు పంతులుగోరు. తరవాత నేనడగలేదు, ఆరివ్వలేదు.”

అందరూ నా వైపు చూశారు. నేను నవ్వేసి జేబులో చెయ్యి పెట్టాను.

“దానికేం భాగ్యం పొడుగమ్మా! ఎంత, పన్నెండు రూపాయలేగా? ఇదిగో, ఇరవై ఉంచు.”

అరుగంతా నవ్వింది. పొడుగమ్మ చెయ్యి చాపలేదు.

“ఇందాకటినించీ ఆ కాలం రూపాయి ఏనుగంత అన్నారు గదండీ. నాకిచ్చేసరికి ఎలకంతయిపోయిందేటండీ?”

నవ్వు ఆగిపోయింది. ఎదురింటాయన గొంతు సవరించుకున్నాడు. మేనల్లుడు మాత్రం హుషారుగా ఫోను తీసి లెక్క మొదలెట్టాడు. వాడికి ఇదంతా ఆటలా ఉంది.

“పన్నెండు రూపాయలకు అప్పుడు ఆరు కిలోల బియ్యం. ఇప్పుడు కిలో యాభై ఐదు వేసుకుంటే మూడొందల ముప్పై. అదే బంగారమైతే పావు గ్రాముకు ఇంచుమించు. అంటే రెండు వేల పైమాటే మామయ్యా!”

“నేను తవరికి బియ్యం కొలవలేదు, బంగారం తూచలేదండి” అంది పొడుగమ్మ. “బురదలో ఆరు రోజులు నడుం వంచాను. ఆరు రోజుల లెక్కే కట్టండి చాలు.”

“మొన్న దాళ్వా నాట్లకు రోజుకు ఐదొందలిచ్చాం” అన్నాడు ఎదురింటాయన, ఎవరూ అడక్కుండానే.

నేను కాస్త చిరాకు పడ్డాను. “అలా ఎలా పొడుగమ్మా? అప్పటి లెక్క వేరు, ఇప్పటి లెక్క వేరు. రూపాయిని రూపాయిగానే చూడాలి గానీ...”

నా మాట నాకే వినిపించి ఆగిపోయాను. పొడుగమ్మ మాత్రం తాపీగా అంది.

“వడ్డీ మాట నేనెత్తలేదండి. తవరు బ్యాంకులో చేశారు, తవరికి తెలవదా?”

ఆరు ఐదొందల నోట్లు లెక్కపెట్టి ఇచ్చాను. ఒక్కొక్కటీ వెలుగులోకి ఎత్తి చూసుకుని కొంగున ముడేసుకుంది. మెట్టు పట్టుకుని లేచింది. లేచి నిలబడినా ఆమె తల అరుగు మీద కూర్చున్న మనవరాలి తలకు అందలేదు.

“గీత కొట్టెయ్యండి అబ్బాయిగోరూ” అంది.

కలం తీసి కొట్టాను. యాభై ఏళ్లనాటి సిరా మీద కొత్త గీత నల్లగా మెరిసింది. పొడుగమ్మ పండగ చీర చంకన పెట్టుకుని కర్ర పొడుచుకుంటూ వెళ్లిపోయింది. అరుగు మీద పురాణం మళ్లీ సాగలేదు.

ఆ రాత్రి అంతా పడుకున్నాక దీపం వేసుకుని పుస్తకం మొదటి నుంచీ చివరిదాకా తిప్పాను. ఈసారి ధరలు చూడలేదు. గీతలే చూశాను. కోత కూలి, కలుపు కూలి, చాకలి పద్దు, వడ్రంగి పద్దు... గీత పడనివి ఇంకా పదకొండున్నాయి. అందులో నలుగురి ఇళ్లు మా వీధి చివరే.

తెల్లారి కారెక్కబోయే ముందు పుస్తకాన్ని గంగాళంలో పెట్టి మళ్లీ అటకెక్కించాను.