ధర్నా చేసుకోండి, వినబడకుండా

మా బజారులో ఒక చీరల షోరూం యజమాని ఉన్నాడు. ప్రజాస్వామ్యమంటే ఆయనకు ప్రాణం. "ధర్నాలకు నేను వ్యతిరేకం కాదు సార్, నా షాపు ముందు తప్ప ఎక్కడైనా చేసుకోమనండి" అంటాడు. పక్క షాపాయనదీ అదే మాట. ఆ పక్కాయనదీ అదే. ఇట్లా గడప గడపా అడుగుతూ పోతే ఔటర్ రింగ్ రోడ్డు దాటాక ఎవరూ వద్దనని చోటు దొరుకుతుంది. అక్కడ నాలుగు మేకలుంటాయి. వాటికి వినతిపత్రం ఇస్తే చాలా శ్రద్ధగా నమిలి పరిశీలిస్తాయి.

దీన్నే పెద్దలు సమతుల్యం అంటున్నారు. ఒక పళ్లెంలో నిరసనకారుడి గొంతు, ఇంకో పళ్లెంలో వ్యాపారి గల్లాపెట్టె, తక్కెడ పట్టుకునేది సర్కారు. పళ్లెం అడుగున చింతపండు ముద్ద అంటించడం మన సంతల్లో పాత విద్యే. సర్కారు దాన్ని కొత్తగా ఏమీ నేర్చుకోలేదు.

హైదరాబాద్ ఇందిరా పార్కు ధర్నాచౌక్ కథే చూడండి. ట్రాఫిక్‌కు అడ్డమనీ, చుట్టుపక్కల వాళ్లకు ఇబ్బందనీ 2017లో దాన్ని మూసేసి, ధర్నాలు ఊరి శివార్లలో చేసుకోమన్నారు. అంతకు ముందు తెలంగాణ ఉద్యమంలో, 2011లో, సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. అప్పుడు బస్సులు ఆగాయి, బడులు ఆగాయి, సింగరేణిలో బొగ్గు ఆగింది. అదే ఏడాది మిలియన్ మార్చ్‌తో ట్యాంక్‌బండ్ నిండింది. ఆ జనం భుజాల మీదుగా గద్దె ఎక్కినవాళ్లకే 2017కల్లా వంద మంది కూర్చునే షామియానా అడ్డమైంది. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లన్న, దిగాక బోడి మల్లన్న.

2017 మే 15న ధర్నాచౌక్ కావాలనే వాళ్లూ, వద్దనే 'స్థానికులూ' అక్కడే ఎదురుపడ్డారు. ఆ స్థానికుల్లో కొందరు మఫ్టీలో ఉన్న పోలీసులేనని పత్రికలు రాశాయి. నాకైతే అందులో తప్పేమీ కనబడలేదు. ధర్నా వద్దని ధర్నా చేయడానికి మనుషులు దొరక్కపోతే పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు? 2018 నవంబరులో హైకోర్టు కలగజేసుకుని తాత్కాలికంగా తలుపు తెరిపించింది. ఇక 2021 నవంబరు 18న ఎవరొచ్చి కూర్చున్నారనుకుంటున్నారు? సాక్షాత్తూ అప్పటి ముఖ్యమంత్రి, మంత్రులతో, ఎమ్మెల్యేలతో సహా, కేంద్రం వడ్లు కొనాలని మహాధర్నా చేస్తూ. వేదిక అదే ఇందిరా పార్కు. శివార్లు గుర్తుకు రాలేదు. ఆ రోజు ట్రాఫిక్ కూడా బహుశా గాల్లోంచి పోయి ఉంటుంది.

మా చీరల షాపాయన బాధ అబద్ధమని నేననను. అద్దె ఆగదు, జీతాలు ఆగవు, రోడ్డు మూస్తే ఆ రోజు బోణీ ఉండదు. కానీ మొన్నటి ధర్నాకు రోడ్డు మూసిందెవరు? కూర్చున్న నలభై మంది అంగన్‌వాడీ టీచర్లా, వాళ్ల చుట్టూ ఎనిమిది బారికేడ్లు, మూడు వ్యాన్లు పెట్టిన ఖాకీలా? ఆ ప్రశ్న ఆయన అడగడు. అడిగితే షాపు ముందు పార్కింగ్ చలాన్ల సంగతి బయటికొస్తుంది.

ఆషాఢం సేల్ ప్రారంభానికి ఇదే పెద్దమనిషి హీరోయిన్‌ను పిలిపించాడు. రెండు గంటలు బజారంతా స్తంభించింది. అంబులెన్సు ఒకటి సైరన్ మోగించుకుంటూ సందు చివర నిలబడింది. ఫుట్‌పాత్ మీద డీజే, నడిరోడ్డు మీద బాణసంచా. దాని పేరు వ్యాపారాభివృద్ధి. ఇందిరా పార్కు నుంచి కూతవేటు దూరంలో ఆర్టీసీ క్రాస్‌రోడ్డు ఉంది. అక్కడ కొత్త సినిమా విడుదలైన పొద్దున కటౌట్‌కు పాలాభిషేకం జరుగుతుంటే బస్సులు భక్తితో ఆగుతాయి. దాని పేరు అభిమానం. జీతం రాలేదని నలుగురు మైకు పట్టుకుంటే మాత్రం దాని పేరు న్యూసెన్స్. గోల పెట్టడం తప్పు కాదు, కొనకుండా గోల పెట్టడం తప్పు.

సుప్రీంకోర్టు 2018లో ఢిల్లీ జంతర్ మంతర్ కేసులో నిరసనకారుల హక్కునూ, చుట్టుపక్కల కాపురముండే వాళ్ల ప్రశాంతతనూ రెండింటినీ చూడాలంది, నిరసనలను పూర్తిగా నిషేధించడం కుదరదంది. 2020లో షాహీన్‌బాగ్ కేసులో దారుల్ని నిరవధికంగా ఆక్రమించరాదనీ, నిరసనలు కేటాయించిన చోటే జరగాలనీ చెప్పింది. మన ఏలికలకు రెండో తీర్పులో 'కేటాయించిన చోటు' అన్న మాట తెగ నచ్చింది. ఎందుకంటే కేటాయించేది వాళ్లే. పిల్లిని ఎక్కడ తిట్టాలో పిల్లే చెప్తే ఎలకలకు ఎంత సౌకర్యం!

వ్యాపారం అనగానే అద్దాల తలుపులూ, ఏసీలూ ఉన్నదే లెక్క. షామియానాలు అద్దెకిచ్చే వాడు, మైక్‌సెట్ వాడు, ఫ్లెక్సీలు కొట్టే వాడు, ప్లకార్డులు రాసే వాడు, నీళ్ల ప్యాకెట్లమ్మే కుర్రాడు — వీళ్ల గల్లాపెట్టెను ఏ తక్కెడలోనూ వేయరు. ధర్నాచౌక్ మూస్తే వీళ్ల బోణీ పోయిందని ఏ వ్యాపారుల సంఘమూ పత్రికా ప్రకటన ఇచ్చినట్టు నేను చూడలేదు.

పోయిన వారం ధర్నాచౌక్ దగ్గర మిర్చిబజ్జీల బండి ముందు నిలబడ్డాను. బండి అమ్మ బాణలి తుడుస్తూ అడిగింది.

"రేపు ఎవరిదన్నా ధర్నా?"

"నాకెట్లా తెలుస్తది? ఎందుకమ్మా?"

"పిండి కలుపుకోవాలె గదా. అంగన్‌వాడోళ్లయితే దూరం నుంచొస్తరు, పొద్దుగాలనే ఆకలైతది, రెండు కిలోలు చాలదు. నిరుద్యోగులైతే ఒక్క ప్లేటు నలుగురు తింటరు. పార్టీలోళ్లయితే కలపనే కలప."

"ఎందుకట్లా?"

"వాళ్లు బిర్యానీ ప్యాకెట్లు తెచ్చుకుంటరు" అంటూ ఆమె నాకు చిల్లర ఇచ్చి, రోడ్డవతల బారికేడ్లు దింపుతున్న వ్యాన్ వైపు చూసింది. ఎన్ని దింపుతున్నారో లెక్కపెట్టుకుని, శనగపిండి సంచీ విప్పింది.