రసీదు

2020 జూన్‌లో కరీంనగర్ జిల్లాలోని ఒక ప్రైవేటు బడి ఆన్‌లైన్ క్లాసులు మొదలుపెట్టింది. అక్కడి తెలుగు సారు పద్యాన్ని రాగం తీసి చదివితే వరండాలో పోయేవాళ్లు ఆగేవారు. జూమ్‌లో ఆగేవాళ్లు లేరు. పిల్లలంతా కెమెరాలు ఆపేసి కూర్చునేవారు. ఉచిత జూమ్ నలభై నిమిషాలకు తెగిపోతుంది. అందులో పది నిమిషాలు "సార్, వినపడుతలేదు" కిందే పోయేవి.

నెట్ చాలడం లేదని తల్లిదండ్రులు గోల చేశారు. కరస్పాండెంట్ ఉపాయం చెప్పారు.

"పాఠాలు వీడియో తీసి ఇయ్యండి సార్. పిల్లలు వీలున్నప్పుడు చూసుకుంటరు."

జీతం అప్పటికే సగమైంది. వీడియోలకు వేరే డబ్బులేమీ లేవు. సారు అడగలేదు.

ఇంట్లో బోర్డు లేదు, ఆకుపచ్చ రంగు ఇనప బీరువా ఉంది. దాని తలుపు మీద చాక్‌పీసుతో రాసేవారు. తొమ్మిదో తరగతి చదివే కూతురు ఫోను పట్టుకునేది. తెలుగు పండితుడి కూతురే అయినా "డాడీ, రెడీ" అనేది. ఆయన పద్యం అందుకునేవారు.

అన్నిటికంటే శ్రీనాథుడి 'భిక్ష' సతాయించింది. కాశీలో వ్యాసుడు ఇల్లిల్లూ తిరుగుతున్నాడు, ఎవరూ పిడికెడు పెట్టడం లేదు. సరిగ్గా ఆయనకు కోపం వచ్చే చోట వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి పక్కింటి డాబా మీద డ్రిల్లింగ్ మిషను. చివరికి తెల్లవారుజామున నాలుగింటికి లేచి, చప్పుడు చేస్తుందని ఫ్యాను ఆపేసి, చెమటలు కారుతుండగా తీశారు. గురువులు, లఘువులు బీరువా పిడి దాకా వచ్చాయి. వ్యాసుడి కోపం కుదిరింది. జనవరికల్లా పదో తరగతి పాఠాలన్నీ పూర్తిచేసి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చారు.

2021 ఫిబ్రవరి 1న 9, 10 తరగతులకు బడులు తెరిచారు. మార్చి 24న మళ్లీ మూశారు. ఆ వారంలోనే కరస్పాండెంట్ సారును పిలిచి చాయ్ ఇప్పించారు.

"సిలబస్ అయిపాయె. ఇగ బడి తెరవంగనే ఫస్ట్ మిమ్మల్నే పిలుస్తం సార్."

ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు 2,000 రూపాయలు, 25 కిలోల సన్నబియ్యం ఇచ్చింది. సారు పేరు లిస్టులో ఉంది. రేషన్ షాపు ముందు వరసలో తన పాత విద్యార్థి కనిపిస్తే మాస్కు కాస్త పైకి లాక్కున్నారు. తర్వాత ఒక కిరాణా కొట్టులో పద్దులు రాయడానికి కుదిరారు.

జులైలో ఆన్‌లైన్ క్లాసులు మళ్లీ మొదలయ్యాయి. సారుకు పిలుపు రాలేదు. కూతురు టెన్త్‌కు వచ్చింది, అదే బడి. మొదటి రోజు పుస్తకాలు ముందేసుకుని లింకు కోసం చూసింది. లింకు రాలేదు, మెసేజ్ వచ్చింది. ఫీజు బాకీ ఉంది. స్టాఫ్ పిల్లలకు ఇచ్చే రాయితీ స్టాఫ్‌కే.

సారు బడికి వెళ్లారు. కరస్పాండెంట్ లేచి కుర్చీ చూపించారు. ఈసారీ చాయ్ తెప్పించారు.

"మీ ఒక్కరికి ఫ్రీగ ఇస్తే మిగతా పేరెంట్స్ ఊకుంటరా సార్? ఇప్పటికైతే రెండు వేలు కట్టుండ్రి, లింకు ఓపెన్ చేయిస్త. పాపది టెన్త్, వెనకాడకుండ్రి. మన వీడియో పాఠాలు టౌన్ల ఎక్కడా లేవంటున్నరు. అండ్ల ఆ 'భిక్ష' ఉన్నది సూడుండ్రి, దాన్ని సూసే ఈ యేడు కొత్త అడ్మిషన్లు వచ్చినయి."

సారు చాయ్ తాగి, రెండు వేలు లెక్కపెట్టి బల్ల మీద పెట్టారు. క్లర్కు రసీదు రాసిచ్చాడు: 'పదో తరగతి. డిజిటల్ పాఠాల ఫీజు. 2,000 రూపాయలు ముట్టినవి.'