నల్లబల్ల మీద ఇంటూలు

మొన్న మా మనవడి బళ్లో నాటిక వేశారు. బుల్లీయింగ్ తప్పని పిల్లలకు చెప్పడానికట. మా రోజుల్లో ఈ మాట లేదు, ఏడిపించడమే ఉండేది. ఇంటికొచ్చి చెప్పుకుంటే "నువ్వేం చేశావో ముందు చెప్పు" అని ఇంకోటి తగిలించేవారు.

సరే, ఏడిపించేవాడి వేషం ఎవరికిచ్చారనుకున్నారు? క్లాసులో అందరికన్నా లావుగా, నల్లగా ఉండి, ఆఖరి బెంచీలో కూర్చునే కుర్రాడికి. ఏడ్చే వేషమేమో కళ్లజోడు పెట్టుకున్న బక్కపల్చటి క్లాసు లీడరుకి. సినిమాల్లో రౌడీలను చూసీ చూసీ టీచరమ్మకు కూడా కన్ను అలాగే పడిపోయినట్టుంది. మావాడు నా చెవిలో, "రివర్స్‌లో ఇచ్చారు తాతయ్యా" అన్నాడు.

నాకు మా జిల్లా పరిషత్ హైస్కూలు లీడరు గుర్తొచ్చాడు. నూనె రాసి పక్కపాపిడి, ఉతికిన చొక్కా, నుదుట విభూతి. ఊరంతటికీ బుద్ధిమంతుడు. మేష్టారు బయటికెళితే సుద్దముక్క వాడి చేతిలో ఉండేది. అల్లరి చేసినవాళ్ల పేర్లు నల్లబల్ల మీద రాయాలి. నోరెత్తితే పేరు పక్కన ఒక ఇంటూ, మళ్లీ ఎత్తితే ఇంకో ఇంటూ. ఎన్ని ఇంటూలుంటే అన్ని బెత్తం దెబ్బలు. తాటితేగో, రెండు జీళ్లో చేతిలో పెడితే అరచేత్తో తుడిచేసేవాడు. నత్తి ఉన్నవాడి పేరు మాత్రం వాడు నోరు తెరవకపోయినా ఎక్కేది. "మాట్లాడలేదు సార్" అని చెప్పబోతే ఆ 'మా' దగ్గరే ఆగిపోతాడు, క్లాసంతా నవ్వుతుంది. నేనూ నవ్వాను, దాచడమెందుకు.

మా ఆఖరి బెంచీవాడు రెండుసార్లు తప్పిన మనిషి. మేష్టారే "ఒరే దున్నపోతా" అని పిలిచేవారు. ఇంటర్వెల్లో బోరింగు కొట్టి మా అందరికీ దోసిళ్లలో నీళ్లు పట్టేవాడు. కిటికీ అద్దం పగిలితే మాత్రం విచారణ లేకుండా మొదటి దెబ్బ వాడి వీపు మీదే.

ఇప్పుడు బెత్తం పోయింది, సంతోషం. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్లో పిల్లల్ని కొట్టకూడదనే కాదు, మానసికంగా వేధించకూడదనీ రాశారు. ఆ ఏడాదే కడప జిల్లా మైదుకూరులో ఒక బళ్లో, తెలుగులో మాట్లాడారని పిల్లల మెడల్లో "తెలుగు మాట్లాడను" అని ఇంగ్లీషులో రాసిన పలకలు వేలాడదీశారు. వాటిని తగిలించింది ఏ ఆఖరి బెంచీవాడంటారు?

మాటలైతే బాగా కడిగారు. మొద్దు అనకూడదు, స్లో లెర్నర్ అనాలి. మావాడి క్లాసులో ఆ మాట నాలుగు రోజులు కూడా మర్యాదగా బతకలేదు. ఇప్పుడు అక్కడ అన్నిటికన్నా పెద్ద తిట్టు "ఎస్సెల్‌గా". కనిపెట్టింది లీడరేనట.

ఇంతకీ నాటిక. లావుపాటి కుర్రాడు లీడరును తోయాలి. తోశాడు, చీపురుపుల్లను తోసినంత భయంగా. లీడరు మాత్రం ఘనంగా పడ్డాడు, కళ్లజోడు జారి స్టేజీ చివరికి పోయింది. పక్క తెర వెనకనుంచి టీచరమ్మ "నవ్వు, గట్టిగా నవ్వు" అని సైగలు చేస్తోంది. వాడు అటు చూడనేలేదు. వెళ్లి కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, లీడరు చేతికిచ్చి పక్కన నిలబడ్డాడు.

డైలాగు మర్చిపోయాడనుకుని హాలంతా నవ్వింది.