వరసలో ఆఖరి బండిని

నేను పుట్టింది మద్రాసు శివారు తిరువొత్తియూరులో. పుట్టిల్లు అరవదేశమైనా మా వంశం ఇంగ్లండుది. సరిహద్దుల్లో తిరగడానికి మన సైన్యం బుల్లెట్ మోటారు సైకిళ్లు కావాలని అడగడంతో 1955లో మావాళ్లు మద్రాసులో స్థిరపడ్డారు. 1970 ప్రాంతానికి ఇంగ్లండులోని కార్ఖానాలు మూతపడ్డాయి. ఇక్కడి కొలిమి మాత్రం ఆరలేదు.

నా ఇంజను పోత ఇనుముది. ఒకటే సిలిండరు, 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, వెరసి 346 సీసీ. స్ట్రోకు పొడుగు కాబట్టే నాకా నింపాదైన డుగుడుగు. పరుగు తక్కువ, లాగుడు ఎక్కువ. గేరు కుడికాలికి, బ్రేకు ఎడంకాలికి ఉంటాయి. ఈ కాలం కుర్రాళ్లు నన్నెక్కితే బ్రేకనుకుని గేరు తొక్కేస్తారు. ట్యాంకు మీది బంగారు గీతలు యంత్రం వేసినవి కావు, కుంచె పట్టిన చెయ్యి ఒక్క ఊపున లాగినవి.

నన్ను కొన్నాయన అనకాపల్లిలో బెల్లం వర్తకుడు. చెరకు రైతులకు మదుపులు పెట్టడానికీ, బాకీలు వసూలు చేసుకోవడానికీ ఊళ్లు తిరిగేవాడు. పొద్దున్నే నన్ను స్టాండు మీద నిలబెట్టి, డీకంప్రెసరు నొక్కి, అమ్మీటరు ముల్లు నడిమికి వచ్చేదాకా కిక్కును మెల్లగా దించి, అప్పుడు ఒక్కటే తన్ను తన్నేవాడు. ఆ పద్ధతి తెలియక కంగారుగా తన్నినవాళ్ల పిక్కలకు నేను బుద్ధి చెప్పిన సందర్భాలున్నాయి. ఎదురుగా చెరకు బండి వస్తే ఆయన నన్ను గట్టు పక్కకు దించి ఆపేవాడు. "బరువున్నోడిదిరా దారి," అనేవాడు వెనక కూర్చున్న గుమస్తాతో.

ఆయన పోయాక చాన్నాళ్లు గోనెపట్టాల కింద ఉన్నాను. ట్యాంకులో తుప్పు, సీటులో ఎలుకలు. విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మనవడు వచ్చి "ఇది తాతయ్య బండి, పాతసామాన్లవాడికి ఇవ్వను," అని పట్టుబట్టాడు. సిలిండరు రీబోరు చేయించాడు, పిస్టను మార్పించాడు, కార్బురేటరు కడిగించాడు. ఆ తరవాత నన్ను తీసుకెళ్లి ఒక బైకు క్లబ్బులో చేర్చాడు.

క్లబ్బంటే ఆషామాషీ కాదు. ముందు దారి చూపేది లీడు. అందరికన్నా వెనక, ఆగిపోయిన బండిని కాచుకుంటూ వచ్చేది స్వీపు. మధ్యలో బళ్లు ఒకదాని వెనక ఒకటి కాకుండా ఒకటి ఎడమకీ ఒకటి కుడికీ జరిగి నడుస్తాయి. ముందు బండి సడన్ బ్రేకు వేసినా వెనకాయన గుద్దుకోకుండా ఈ ఏర్పాటు. నా నడక చూసి మనవడికి స్వీపు పని అప్పజెప్పారు. పైకి గౌరవంగానే చెప్పారు గానీ, సంగతి నాకర్థమైంది.

డిసెంబరులో ఒక శనివారం తెల్లవారకముందే బీచ్ రోడ్డులో బయల్దేరాం. అనకాపల్లి దాటేటప్పుడు బెల్లం వాసనకి నా వయసు కాస్త తగ్గింది. నర్సీపట్నం దాటాక ఘాటు రోడ్డు మొదలైంది. లంబసింగి సముద్రానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తుకి గాలి పలచబడి ఏ ఇంజనుకైనా పదోవంతు సత్తువ తగ్గుతుంది. కొత్త బళ్లకి సెన్సార్లున్నాయి, గాలిని బట్టి పెట్రోలు అవే తగ్గించుకుంటాయి. నా కార్బురేటరుకి ఆ తెలివి లేదు. గాలి తగ్గినా పెట్రోలు పాత లెక్కనే పోస్తుంది. నల్లగా దగ్గుతూ రెండో గేరులో ఎక్కాను.

ఈ దారికి పెద్ద కథే ఉంది. తెల్లదొరల కాలంలో నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించినప్పుడు, గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ మన్యం జనం చేత సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. ఆ కడుపుమంటే అల్లూరి సీతారామరాజు వెనక జనం నిలబడటానికి ఒక కారణం. 1922 ఆగస్టు 22న ఆయన దళం మొదట పట్టింది చింతపల్లి పోలీసు స్టేషన్నే. దాదాపు వందేళ్లకు, 2022లో, ఈ కొండలు ఆయన పేరుతో జిల్లా అయ్యాయి. మా క్లబ్బువాళ్లు ఎక్కుతూ "ఏం కర్వులు రా బాబూ!" అని కేకలు వేసుకున్నారు. ఆ వంపులు కొట్టిన చేతులు ఎవరివో వాళ్లకి పట్టలేదు.

రాత్రి టెంట్లు, మంట, బొంగు చికెన్, స్పీకర్లో పాటలు. తెల్లారేసరికి సీటు మీద మంచు. ఆ చలికి పెట్రోలు సరిగా ఆవిరి కాదు, ఇంజనాయిలు గడ్డపెరుగులా బిగుసుకుంటుంది. సెల్ఫు బళ్లు రెండు మూడు బ్యాటరీ దిగి మూలిగాయి. నేను చోకు వేయించుకుని, తాత పద్ధతిలో ఒక్క తన్నుకి లేచాను. ఆ పూట నా గర్వానికి హద్దు లేదు.

ఆ గర్వం చింతపల్లి వెళ్లే దారిలో దిగింది. ఒక మలుపు పక్కన వలిసెపూలు పసుప్పచ్చగా విరగబూశాయి. ముందున్నవాళ్లంతా బళ్లని మలుపులోనే అడ్డదిడ్డంగా ఆపి, తాళాలు జేబులో వేసుకుని, ఫొటోల కోసం చేలోకి దిగిపోయారు. "ఫొటోలు తీసుకోండి బాబూ, మొక్కలు తొక్కకండి. ఆ గింజలాడిస్తేనే మాకు నూనె," అని ముసలి రైతు చెబుతూనే ఉన్నాడు.

అప్పుడే నా వెనక సైరన్. 2018లో ప్రభుత్వం మన్యానికిచ్చిన ఫీడర్ అంబులెన్సుల్లో ఒకటి. పెద్ద అంబులెన్సు పోలేని ఊళ్ల నుంచి రోగుల్ని తెచ్చే మోటారు సైకిలు. ఇంజను చూస్తే నాకన్నా చిన్నది. దాని మీద నిండు చూలాలు, నొప్పులకి పళ్లు బిగించుకుని ఉంది. రోడ్డు లేని గూడేల్లో ఇలాంటి తల్లుల్ని ఇప్పటికీ డోలీ కట్టి మోస్తారు. ఈమెను రోడ్డుదాకా ఎంతమంది మోశారో, ఎంత దూరం మోశారో! "బాబూ, బేగి తియ్యండి, నొప్పులెక్కువైపోతన్నాయి!" అని అరిచాడు నడిపేవాడు.

మనవడు నన్ను గట్టు కిందికి తోసి, హ్యాండిల్ లాకులు పడ్డ బళ్లని ఇద్దరు ముగ్గురి సాయంతో ఎత్తి జరిపాడు. చేలో ఉన్నవాళ్లు హెల్మెట్లు వదిలేసి పరుగెత్తుకొచ్చారు. నిమిషాల పనే. కానీ ఆ నిమిషాలు ఆమెవి, మావి కావు. ఆ చిన్న బండి సందులోంచి దూరి వెళ్లిపోయింది. నా ట్యాంకు మీది బంగారు గీతలు ఎందుకూ కొరగానివిగా తోచాయి.

మధ్యాహ్నం చింతపల్లిలో టీ తాగుతూ క్లబ్బువాళ్లు కొత్త షరతులు రాసుకున్నారు. మలుపులో ఆగకూడదు. ఆగితే ఒకే పక్కన, తాళం బండికే ఉండాలి. చేలో దిగేముందు రైతునడగాలి. చెవులు పగిలే సైలెన్సర్లు విప్పెయ్యాలి. చివరిదానికి కొందరు మొహం చిట్లించారు. ఇరుకు ఘాటులో ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలని మోటారు నిబంధనల్లో ఎప్పటినుంచో ఉంది. వాటిని చదివినవాళ్లే తక్కువ. ఇక వీళ్లు రాసుకున్నవి ఎన్నాళ్లు నిలుస్తాయో చూడాలి.

వచ్చేసారి మారేడుమిల్లి అంటున్నారు. పాతకాలపు బండి ముందుంటే అందమని, నన్ను లీడుగా పెడతామన్నారు. మనవడు వద్దన్నాడు. స్వీపంటే ఆగిపోయిన బండిని కాయడమొక్కటే కాదట. వెనక నుంచి వచ్చే ఊరివాళ్ల కోసం ముందున్న మనవాళ్లకి హారన్ కొట్టడం కూడానట. తాత బుద్ధి ఒక తరం దాటి దిగింది. నాకు ఆఖరి చోటే ఖాయమైంది, హారన్ కూడా కొత్తది బిగించారు.