పొయ్యి లేని వంటకు టీకా తాత్పర్యం

మూలం:

పొయ్యి లేని వంట పుస్తకం బెచ్చట
దొరకునంచు కొండదొరలు వెదుక
మామ్మ యొకతె లేచి మా యింటి పంచాంగ
మందు కలదు చూడుమన్న నగిరి.

అవతారిక: ఇది ఫిల్మ్‌నగర్ చాటువు. కర్త ఎవరని అడగవద్దు. ఆ పేటలో హిట్టయిన కథకే కర్త తేలక పంచాయితీలు నడుస్తుంటాయి, ఇక చాటువు సంగతి చెప్పాలా! ఛందస్సు ఆటవెలది. యతులు సరిపోయాయి, అనుమానమున్నవారు వేళ్లు మడిచి చూసుకోవచ్చు. మెదక్ సీమలోని కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు 'సంజీవని' రాస్తూ, ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. మొదటి నియమం మాకూ సమ్మతమే. రెండోది పాటిస్తే పత్రికలో పేజీ నిండదు. ఈ టీకకు 'అపక్వ' అని పేరు పెట్టాం, సమీక్షకులకు శ్రమ తగ్గుతుందని.

పొయ్యి లేని వంట = నిప్పు సోకని భోజనం. ఫిల్మ్‌నగర్ కొండ మీద దీన్ని 'రా ఫుడ్' అంటారు. సుమారు 48 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగలకూడదని ఆ మతస్థుల నియమం.

శంక: నిప్పు లేనిది వంట ఎట్లా అవుతుంది? నలభీములిద్దరూ నిప్పు పక్షమే కదా. నలుడికైతే తలచిన చోట ప్రత్యక్షమవుతానని సాక్షాత్తూ అగ్నిదేవుడే వరమిచ్చాడు. గుప్పెడు గడ్డి తీసి ఎండకు చూపిస్తే భగ్గున మండేదని భారతం చెబుతోంది.

సమాధానం: ఈ ప్రశ్నను మే నెల మిట్టమధ్యాహ్నం జూబ్లీహిల్స్ డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడి అడగండి. మాగాయ ముక్కలూ ఊరమిరపకాయలూ అక్కడ ఏ పొయ్యి మీద తయారవుతున్నాయి? ఆవకాయ మాటేమిటి? మామిడి ముక్క, ఆవపిండి, కారం, ఉప్పు, పచ్చి నువ్వులనూనె. ఒక్కటీ పొయ్యి ఎక్కకుండా జాడీలోకి దిగి, ఏడాది పొడుగునా మనల్ని ఏలుతోంది. డాబా చేసే పనికి అమెరికాలో డీహైడ్రేటర్ అనే కరెంటు పెట్టె కొంటారు. కొండ మీద కొందరు దాన్ని కూడా తెప్పించుకుని, డాబా కింద గదిలో ఏసీ పక్కన పెట్టుకుంటారు.

పుస్తకంబు = ఈ శాస్త్రంలో పేరున్నవి రెండు చెబుతాం. 2003లో చార్లీ ట్రాటర్, రాక్సాన్ క్లైన్ కలిసి వేసిన 'రా'. 2005లో మాథ్యూ కెన్నీ, శర్మా మెల్న్‌గైలిస్ వేసిన 'రా ఫుడ్ రియల్ వరల్డ్'. శర్మ అన్న పేరు చూసి అగ్రహారీకుడనుకునేరు, ఆవిడ న్యూయార్క్‌లో పచ్చి భోజనశాల నడిపిన మనిషి. ఆ భోజనశాలకు పేరు తెచ్చిన వంటకం లజానియా. జుకినీని పలుచని పలకలుగా తరిగి, మధ్య మధ్య చిలగోజా గింజల ముద్ద, ఎండబెట్టిన టమాటాల ముద్ద, పిస్తా పచ్చడి పరుస్తారు. అంటే ఒక వంటకానికి ముందు మూడు వంటకాలు. రుచికి లోటుండదు, ఒప్పుకుంటాం. కానీ కారవాన్‌లో కూర్చుని చిలగోజాలు నానే దాకా 'షాట్ రెడీ' అనకుండా ఉండే అసిస్టెంట్ డైరెక్టర్ ఇంకా పుట్టలేదు. సులువైన వంట కావాలన్నవాడికి ఈ పుస్తకాలు చూపించడం దగా.

కొండదొరలు = ఇక్కడ విశాఖ మన్యం వారు కారు. పెద్దమ్మ గుడి మొదలు ఫిల్మ్‌నగర్ దైవసన్నిధానం వరకు గుట్టల మీద ఇళ్లు కట్టుకున్నవారు. నేరేషన్ వింటూ కీరా ముక్కలు నమిలే నిర్మాతలు, ప్రొడక్షన్ భోజనాన్ని దూరం నుంచి వాసన చూసి కళ్లు మూసుకునే హీరోలు ఇందులో చేరతారు. కింద కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులు కూడా కొన్ని పూటలు పొయ్యి వెలిగించరు. దానికి వేరే కారణం ఉంది, దానిపై ఎవరూ పుస్తకం వేయలేదు.

వెదుక = ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, కోఠిలో, కాచిగూడ నవోదయలో. తెలుగువారి వంటింటి గ్రంథం మాలతీ చందూర్ 'వంటలు - పిండివంటలు'. పేరులోనే బాణలి కనబడుతోంది గనుక దాన్ని పక్కన పెడదాం. కృష్ణ ఒడ్డున ఆరోగ్యాలయం నడిపే మంతెన సత్యనారాయణరాజుగారు ఉప్పు, నూనె మానమని, మొలకలు తినమని తెలుగులో విరివిగా రాశారు. ఉప్పు మానగలిగినవారికి అవి చాలు.

అయితే ఈ శాస్త్రం మనకు నిన్న మొన్న టీవీతో వచ్చింది కాదు. జర్మనీ ప్రకృతి వైద్యుడు లూయీ కూనే గ్రంథాన్ని ద్రోణంరాజు వెంకటచలపతి శర్మ 1894లోనే తెలుగు చేశారు. అటుపైన 1929. ఖద్దరు నిధి కోసం గాంధీగారు ఆంధ్రదేశం తిరుగుతున్నారు. రాజమండ్రిలో సుందరం గోపాలరావు అనే ప్రకృతి చికిత్సకుడు తగులుకుని, కూనే చెప్పిన తొట్టిస్నానాలతో సరిపోదు, ఆహారానికి నిప్పు తగలనివ్వడమే మానాలి అని బోధించాడు. గాంధీగారికి ఇటువంటివి రెండోసారి చెప్పనక్కర్లేదు. మే నెలలో మొదలుపెట్టి, జూన్‌లో 'యంగ్ ఇండియా'లో తన పట్టిక ప్రకటించారు: రోజుకు మొలకెత్తిన గోధుమలు 8 తులాలు, నూరిన బాదం 8 తులాలు, దంచిన ఆకుకూర 8 తులాలు, పుల్లని నిమ్మకాయలు 6, తేనె 2 ఔన్సులు. వారంలో రెండు మూడు రోజులు గోధుమకు బదులు మొలక శనగలు, ఆ రోజు బాదంకు బదులు కొబ్బరిపాలు. నిప్పు ముట్టుకున్నది నీళ్లు ఒక్కటే. 8 తులాలంటే 93 గ్రాములు చిల్లర; తూకం వేసుకోండి. బొమ్మలు లేవు, పరికరాలు లేవు, ఏ ఊళ్లోనైనా దొరికే సరుకు. మా మట్టుకు మాకు ఈ విషయంలో అచ్చయిన అన్నింటిలోకీ సులువైన వంటపుస్తకం ఈ ఐదు పంక్తులే.

పంచాంగమందు = పంచాంగంలో. పాదం చివర మాట విరగడం వల్ల సిట్టింగుల్లో కొందరు దీన్ని 'మందు కలదు' అని విడదీసి సంతోషిస్తున్నారు. అది అపపాఠం.

ఏమున్నది పంచాంగంలో? ఉగాది నాడు వేపపువ్వు, కొత్త చింతపండు, కొత్త బెల్లం, మామిడికాయ, ఉప్పు, కారం: ఆరు రుచులు, నిప్పు సున్నా. శ్రీరామనవమికి పానకం, వడపప్పు. నాగుల చవితికి పచ్చి చలిమిడి, నువ్వుల చిమ్మిలి. ఆ రోజు పొయ్యి జోలికే వెళ్లని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పంచాంగం చెప్పకపోయినా ఎండాకాలమంతా తెలంగాణ ఇళ్లల్లో పచ్చిపులుసు. మన మామ్మ వడపప్పు విధానం ఇది: పెసరపప్పు రెండు గంటలు నానబెట్టి, నీళ్లు వంపి, మామిడికోరు, కొబ్బరికోరు, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, ఉప్పు కలపాలి. తిరగమోత పెడితే వ్రతభంగం. ఇక్కడే తెలుగువాడి చేయి వణుకుతుంది.

పంచాంగంలో లోపం లేకపోలేదు. తిథి గంటా నిమిషాలతో ఇస్తుంది, బెల్లం మాత్రం ఎంతో చెప్పదు.

నగిరి = నవ్వారు. ఎందుకు? మామ్మ చెప్పినదాంట్లో ఫొటో లేదు గనుక. సరుకంతా ఎర్రగడ్డ రైతుబజారులో దొరుకుతుంది గనుక.

విశేషం: మూలంలో పుస్తకానికి 'మంచి' అనే విశేషణం లేదు. కవికి గణం కుదరలేదేమో. ఆ లోటు వ్యాఖ్యాత పూరించాలి. విధి మాత్రమే చెప్పి నిషేధం చెప్పనిది శాస్త్రం కాదు. గాంధీగారు ఆగస్టులో విరేచనాలతో నీరసించి ప్రయోగం ఆపేశారు, ఆ సంగతినీ దాచకుండా అదే పత్రికలో అచ్చు వేశారు. అలాగే ఏది పచ్చిగా తినరాదో చెప్పేదే మంచి పుస్తకం. పచ్చి రాజ్మాలోని విషపదార్థం వాంతులు పట్టిస్తుంది. నానబెట్టినా మొలకెత్తించినా పోదు, బాగా మరిగించాల్సిందే. కర్రపెండలంలో సైనైడ్ పుట్టించే గుణం ఉంది. చేమ గొంతు దురద పెడుతుంది. మొలకల తడిలో సూక్ష్మజీవులు కూడా పెరుగుతాయి గనుక గర్భిణులు వాటిని పచ్చిగా తినకపోవడమే క్షేమం.

తాత్పర్యం: స్పష్టం. అయినా పుస్తకం కొనక తప్పదనుకునేవారు బొమ్మలు చూడకండి. ముందు రాజ్మా, కర్రపెండలం పేర్లు వెదకండి. అవి పచ్చిగా తినకూడదని రాయని పుస్తకాన్ని ఏ కొండ మీద అమ్మినా కొనవద్దు.