నీళ్లు మోసి, గాలి మోస్తున్నా

పులివెందుల దగ్గరి చీనీతోటలో మట్టికింద ఉండేదాన్ని. 75 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టాన్ని. బోరునీళ్లను డ్రిప్పు పైపులకు అందించడం నా పని. నీళ్లలోని సున్నం లోపల పేరుకుంటే యాసిడ్ కలిపి వదిలేవాళ్లు. బోరు ఎండాక తవ్వితీసి గోడవార పడేశారు.

ఆ తోట రైతుకు పాత మహీంద్రా ఎంఎం 540 జీపు ఉంది, ఫోర్‌వీల్ డ్రైవుది. ఒక వానాకాలం వంక దాటుతుంటే నీళ్లు తాగి ఆగిపోయింది. ఎర్రగుంట్ల షెడ్డుకు లాక్కొచ్చారు. ఇంజను విప్పిన మేస్త్రీ "రాడ్లు వంగిపోయినాయబ్బీ" అన్నాడు. డీజిలింజను గాలిని ఇరవై రెట్లకు పైగా నొక్కి, ఆ వేడితోనే డీజిలును మండిస్తుంది. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. పైకొచ్చే పిస్టనుకు నీళ్లు అడ్డంపడితే కనెక్టింగ్ రాడ్డు వంగాల్సిందే. డీజిలుకు స్పార్కు ప్లగ్గులు తడుస్తాయన్న భయం లేదు. దాని ప్రాణమంతా గాలి పీల్చే మూతిలో ఉంది. ఆ మూతిని బానెట్టు కింద నుంచి టాపు ఎత్తుకు చేర్చడానికి నన్ను తెచ్చారు.

ముందు కొలత. ఇది 2112 సీసీ ఇంజను. నిమిషానికి 2000 చుట్లు తిరిగితే, రెండు చుట్లకు ఒకసారి పీల్చే లెక్కన, దాదాపు 2100 లీటర్ల గాలి కావాలి. సన్నగొట్టం బిగిస్తే ఊపిరాడక నల్లపొగ కక్కుతుంది. ఫిల్టరు మూతి కంటే నా లోపలి వెడల్పు తక్కువ కాదని చూసుకున్నాకే మేస్త్రీ "సరిపోతాది" అన్నాడు.

లోపలి సున్నం పొట్టంతా గీకి కడిగాడు. పొడి ఇసుక నింపి, రెండు చివరలూ మూసి, సెగమీద తిప్పుతూ నెమ్మదిగా వంచాడు. ఇసుక లేకపోతే వంపు దగ్గరే నలిగిపోయేదాన్ని. మడ్‌గార్డు పక్కన రేకు గుండ్రంగా కోసి నన్ను బయటికి తీశాడు, అద్దం ఫ్రేముకు ఇనుప పట్టీలతో బిగించాడు. ఇంజను అదురుకు నేను పగలకుండా ఫిల్టరు దగ్గర రబ్బరు హోసు, క్లాంపులు పెట్టాడు. వేడి తగలకుండా సైలెన్సరు వైపు పోనివ్వలేదు. కడప ఎండకు పీవీసీ పెళుసెక్కుతుందని తెల్లరంగు పూశాడు. ఫిల్టరు డబ్బా అడుగున నీళ్లు కారే చిన్న రంధ్రాన్నీ వదలకుండా మూశాడు.

ఆ తర్వాతే అసలు పరీక్ష. ఇంజను తిరుగుతుండగా నా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఆగలేదు. ఎక్కడో దొంగగాలి పీలుస్తోందన్నమాట! హోసు విప్పి మళ్లీ బిగించాడు. ఈసారి చెయ్యి పెట్టగానే ఇంజను దగ్గి ఆగింది. షెడ్డులో అందరి మొహాలూ వెలిగాయి.

నావంటి గొట్టాలు 1944 జూన్‌లో నార్మండీ ఒడ్డున దిగిన జీపులకూ ఉండేవి. ఒడ్డు దగ్గరి సముద్రపు నీళ్లు దాటించడం వాటి పని. ఎర్రగుంట్లలో నాకు రోజూ పడే పని వేరు. చుట్టూ నాపరాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, వాటికి తిరిగే లారీలు. దుమ్ము చక్రాల ఎత్తునే దట్టంగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ పలచబడుతుంది. ఫిల్టరు ఇప్పుడు తొందరగా మూసుకుపోవడం లేదు. నా నోరు వెనక్కి తిరిగి ఉండటం వల్ల ముందు లారీ లేపిన దుమ్ము సూటిగా లోపలికి రాదు. నీళ్లకోసం పెట్టినదాన్నయినా, నేను ఎక్కువగా అక్కరకొచ్చింది ఈ దుమ్ముకే.

వరదకు మాత్రం నన్ను నమ్ముకోవద్దు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్లమీద పడింది. అదే నెలలో పాపాఘ్ని నది ఉద్ధృతికి కమలాపురం దగ్గర వంతెన కూలింది. వంతెనలనే పడగొట్టే ప్రవాహం జీపును పక్కకు తోసెయ్యడానికి ఎంతసేపు? నేను ఇంజనుకు గాలి ఇవ్వగలను, చక్రాలకు నేల ఇవ్వలేను. రైతు కూడా ఇప్పుడు పారే నీళ్లలోకి దిగడు. నిలిచిన నీళ్లయినా ముందు కట్టె పెట్టి లోతు చూసి, ఫ్యాను రెక్కలు రేడియేటరుకు తగలకుండా బెల్టు వదులు చేసి, మెల్లగా దాటిస్తాడు.

ఇంకో పని మిగిలింది. వేడెక్కిన ఇరుసు చన్నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, దాని గాలిరంధ్రం, అంటే బ్రీదరు గుండా నీళ్లు ఆయిల్లోకి చేరతాయి. ఆ బ్రీదరునూ పైకి తేవాలని మేస్త్రీ సన్న రబ్బరు పైపు కొలిచి కోసి పెట్టాడు, వానలలోపు బిగిస్తానన్నాడు.